వెన్నెల ముందు నడిచిన ఆదివారం

సంతకం పెట్టాల్సిన కాగితం మూడు రోజులుగా బియ్యం డబ్బాలో ఉంది. చింపి పారేయడానికి చెయ్యి రాలేదు, కళ్లెదురుగా పెట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. అందుకని సత్యకుమారి దాన్ని మడిచి అక్కడ పడేసింది. పూటపూటా బియ్యం తియ్యక తప్పదు గనక పూటపూటా ఆ కాగితమే చేతికి తగిలేది.

అందులో ఉన్నది నాలుగు ముక్కలే. అరకుకి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న గాలిమెట్ట వన్యప్రాణి రక్షణ వనంలో, వచ్చినవాళ్లను బాట వెంట నడిపించి చెట్లూ పక్షులూ చూపించడానికి బడి పిల్లల్లోంచి ఎనిమిది మందిని తీసుకుంటున్నారు. వాళ్లకి 'బాట నేస్తాలు' అని పేరు. అయిదో తరగతి చదువుతున్న ఆమె కూతురు వెన్నెల రెండు నెలలుగా ప్రతి శనివారం అందుకోసం నేర్చుకుంటోంది. ఇక మిగిలింది ఒకే ఒక్క పరీక్ష. ఆదివారం పొద్దున్న సొంత ఇంటివాళ్లనే వెంటబెట్టుకుని బాటంతా తిప్పి తీసుకురావాలి. నెగ్గితే ఆకుపచ్చ బ్యాడ్జి ఇస్తారు. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అడవిలోనే. కింద తల్లిగానీ తండ్రిగానీ సంతకం చెయ్యాలి.

మొగుడు రవిబాబు కాగితం చదవడం పూర్తి కాకుండానే జేబులోంచి పెన్ను తీశాడు. సత్యకుమారి కాగితం లాగేసుకుంది.

"మీరైతే బేగి పెట్టీస్తారు. రేపు ఏ పామో కుడితే ఏడవాల్సింది నాను."

"అయితే నువ్వే పెట్టు. నాను పెడితే బతికినన్నాళ్లూ దెప్పుతావు," అని అతను పెన్ను మళ్లీ జేబులో పెట్టుకుని ఇంటి ముందరి తమ దుకాణంలోకి వెళ్లిపోయాడు.

వెన్నెల ఏడవలేదు, అలగలేదు. "ఆదివారం నువ్వు రా అమ్మా. సూడు. సూసినాక పెట్టు, లేపోతే మానీ," అంది. సరేనంది సత్యకుమారి. సరేనన్నదే గానీ, మనసులో అప్పటికే మానేసింది. వెళ్లేది చూడటానికి కాదు, వద్దనడానికి నాలుగు గట్టి కారణాలు ఏరుకుని రావడానికి.

ఆమెకు భయాలు వెతుక్కోవాల్సిన పనిలేదు, అవే వచ్చేవి. చిన్నోడు తుమ్మితే ఆస్పత్రి మంచం కనిపించేది. కిరండూల్ బండి కూత వినిపిస్తే, పిల్లలిద్దరూ బడిలో ఉన్నారని తెలిసినా, పట్టాల మీద ఉన్నారేమోనని గుండె జారేది. ఘాట్ రోడ్డు దిగి ఎస్. కోటలో పుట్టింటికి వెళ్లాలంటే ముందురోజు నుంచే ముద్ద దిగేది కాదు. వాటన్నిటికంటే పెద్ద భయం మనుషుల కళ్లు. ఎవరైనా దుకాణానికి వచ్చి, "మీ గుంట బలే సురుకమ్మా," అంటే చాలు, చప్పున అడ్డం పడేది. "ఏటి సురుకండి, తలకాయలో మట్టి. మొన్న ఎక్కాల్లో తప్పింది," అనేది. ఎక్కాల్లో తప్పలేదు. తన బిడ్డను తానే తక్కువ చేసి చెబితే చూసే కళ్లు పక్కకు పోతాయని ఆమె నమ్మకం. ఆమెను వాళ్లమ్మ పెంచిందీ అలాగే. అందుకే ఏడో తరగతిలో క్లాసు ఫస్టు వచ్చిన సంగతి మొగుడికి కూడా పెళ్లయిన చాన్నాళ్లకు గానీ తెలియలేదు.

లోపల మాత్రం వేరే సంగతి. సాయంత్రాలు వెన్నెల చాప మీద కూర్చుని తమ్ముడికి పక్షుల పేర్లు చెబుతుంటే, వాటి కూతలు కూస్తుంటే, వంటింట్లో కత్తిపీట ముందు సత్యకుమారి చెయ్యి ఆగిపోయేది. అన్ని పేర్లు! ఏ పక్షి ఎక్కడ గూడు కడుతుందో, ఏది ఏ పండు తింటుందో. ఆమెకు లోపల గర్వం పొంగేది. పొంగగానే గబగబా ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని, పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది.

ఆదివారం తెల్లవారకముందే లేచి పులిహోర కలిపింది. గుడ్లు ఉడకబెట్టింది. అరటిపళ్లు, బిస్కెట్లు, చిన్నోడికి పెరుగన్నం. ఇవి కాక దెబ్బలకు అయోడిన్, జలగలకు ఉప్పు, అగ్గిపెట్టె, టార్చిలైటు, రెండు జతల బట్టలు, పాతిక మూరల తాడు.

"తాడెందుకే?" అంది అత్తగారు సీతామహాలక్ష్మి.

"లోయలో ఎవరైనా పడితే లాగడానికి."

"నన్నే తోసీసేలాగున్నావు. ముందే సెప్పు, మంచి సీర కట్టుకుంటాను."

అవన్నీ పట్టే సంచి ఇంట్లో లేదు. దుకాణంలోకి వెళ్లి వెతికితే గట్టి గుడ్డసంచి ఒకటి దొరికింది. కింది కొండల నుంచి వచ్చే ఎండు ఇప్పపువ్వును రవిబాబు దాంట్లోనే పోసి ఉంచుతాడు. అడుగున అంటుకున్న నాలుగు రేకులు దులిపి సరుకంతా అందులో సర్దింది. ఆ సంచికి ముక్కు ఆనిస్తే పులిసిన తియ్యటి వాసన కొడుతుందని బయటివాళ్లు ఎవరైనా చెప్పగలరు. కానీ పదమూడేళ్లుగా ఆ వాసనలోనే వండి, తిని, పడుకుంటున్న ఆ ఇంట్లో ఒక్కరి ముక్కుకీ అది ఆనలేదు.

సరుకుల ట్రాలీ ఆటో వెనక అత్తగారికి ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాన్ని పట్టుకోమని పిల్లల్ని కూర్చోబెట్టి, రవిబాబు బండి తీశాడు. కాఫీ తోటల మీంచి మంచు ఇంకా పూర్తిగా లేవలేదు. ప్రతి మలుపు దగ్గరా సత్యకుమారి కళ్లు మూసుకుంది. మలుపు దాటాక తెరిచి పిల్లల తలలు లెక్కపెట్టుకుంది. ఉన్నవి రెండు తలలే అయినా ప్రతిసారీ లెక్కపెట్టింది.

గేటు దగ్గర బీట్ ఆఫీసరు గంగ నిలబడి ఉంది. ఈ కొండల్లోనే పుట్టి పెరిగిన మనిషి; ఖాకీ చొక్కా, ముక్కుకు రెండు పక్కలా పుడకలు. శనివారాలు పిల్లలకు నేర్పింది ఆవిడే. పక్కన వెదురుకర్ర పట్టుకుని వాచరు గాసి. యాభై దాటాయి, మనిషి మాత్రం ఎండు కొయ్యలా గట్టిగా ఉన్నాడు.

"మీరేనా వెన్నెల అమ్మగారు? ఈసారి వచ్చిన పిల్లలందరిలో మీ పాపే..." అని గంగ మొదలుపెట్టిందో లేదో, సత్యకుమారి అందుకుంది.

"దానికేటి తెల్సండి మేడం? ఇంట్లో తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టదు. మీరే ఏదో సర్దుకుంటన్నారు."

వెన్నెల మెడ కొంచెం వంగింది. సత్యకుమారి అది చూసింది. చూసి, పిల్ల చెవి వెనక కాటుక చుక్క చెరిగిపోలేదు కదా అని కూడా చూసుకుంది.

"ఇయ్యాల నాను మాటాడను," అంది గంగ. "అంతా వెన్నెలే. ముందు నేస్తం నడుస్తాది, వెనక వాచరు వస్తాడు. అంతే."

వెన్నెల మెడ ఎత్తింది. మెళ్లో వేలాడుతున్న నేస్తాల ఈల సర్దుకుని, ఇంట్లో మాట్లాడే మాట వదిలి, రేడియోలో వార్తలు చెప్పినట్టు మొదలుపెట్టింది.

"గాలిమెట్టకు స్వాగతం. బాట మీద ఎవరూ అరవకూడదు. బాట దిగకూడదు. దిగాల్సి వస్తే వాచర్‌తోనే దిగాలి. తినే వస్తువులు ఏవీ లోపలికి తేకూడదు, ఈ గదిలో పెట్టి వెళ్లాలి. సంచుల్లో ఏమున్నాయో చూపించండి."

మామ్మ బొడ్లో సంచి విప్పి చూపించింది. వక్కపొడి, రెండు మాత్రలు. రవిబాబు జేబులు తిరగేశాడు. సత్యకుమారి తన పెద్ద సంచిని చంక కిందికి లాక్కుంది. గంటన్నర నడక. చిన్నోడికి అయిదేళ్లు. ఆకలికి తట్టుకోలేక దారి మధ్యలో కళ్లు తేలేస్తే? ఆ కొండ మీద ఎవరు పెడతారు?

"ఇందులో మందులూ బట్టలూ ఉన్నాయే. తినేవి ఏటీ లేవు," అంది.

వెన్నెల తల్లి మొహంలోకి చూసింది. సంచి ముడి మీద చెయ్యి వేయబోయి, తీసేసింది.

"సరే. బయల్దేరుదాం," అంది.

ఎగువ బాట గుట్ట చుట్టూ తిరిగి వాగు దగ్గర దిగుతుంది. మొదటి పావుగంటలోనే సత్యకుమారి ఏరుకుందామనుకున్న కారణాలు చేతికి అందడం మానేశాయి. జారుడు రాయి చూసి ఆమె నోరు తెరిచేలోపే వెన్నెల వెనక్కి తిరిగి, "మామ్మా, ఈ రాయి మీద కాదు, ఎడం పక్కన," అనేది. ఆకుల కింద ఏదో కదిలితే ఆమె కెవ్వుమనబోయేది. అది తొండ అని వెన్నెల అప్పటికే చెప్పేసేది.

ఒకచోట ఆగి వేలు చూపించింది. "అదిగో, పై కొమ్మల్లో ఆకుల మూటలా ఉంది చూడండి. అది బెట్లుడుత, అంటే పెద్ద అడవి ఉడుత గూడు. ఒక్కో ఉడుత రెండు మూడు గూళ్లు కట్టుకుంటుంది. ఒకటి పిల్లలకి, మిగిలినవి తనకి."

"మనకి ఒక్కటే, దానికే అప్పింకా తీరలేదు," అన్నాడు రవిబాబు. మామ్మ నవ్వింది. వెన్నెల నోటికి వేలు అడ్డం పెట్టుకుని ఇద్దర్నీ గద్దించింది. ఆశ్చర్యంగా ఇద్దరూ ఊరుకున్నారు.

ఇంకొంచెం దూరం పోయాక చెదల పుట్ట ఒకటి సగానికి తవ్వి ఉంది. వెన్నెల మోకాళ్ల మీద కూర్చుని మట్టిని చిటికెలో తీసి నలిపి చూసింది. "ఎలుగుబంటి తవ్వింది. మట్టి ఆరిపోయింది, మూడు నాలుగు రోజుల కిందటిది. ఎలుగుకి దూరం చూపు తక్కువ. ముక్కే దాని కన్ను."

వెనక నుంచి గాసి తల ఊపాడు. "సరిగ్గా సెప్పింది బుల్లమ్మ."

"పంతులమ్మలాగ సెప్తందే నీ కూతురు," అంది అత్తగారు సత్యకుమారి మోచేతిని పొడిచి.

సత్యకుమారి గుండె రెండింతలయింది. నోరు మాత్రం అలవాటు చొప్పున, "బట్టీ పట్టింది, అంతే," అంది. ముందు నడుస్తున్న వెన్నెల అడుగు ఒక్కసారి తడబడి మళ్లీ సర్దుకుంది.

వాగు ఇంకా అరకిలోమీటరు ఉందనగా చిన్నోడు పాస్ అన్నాడు. వాచరు లేకుండా బాట దిగకూడదన్నది వెన్నెలే కదా; గాసి ముందు నడవగా రవిబాబు వాణ్ణి ఎత్తుకుని వెనక మలుపు దాకా వెళ్లాడు. "మనం ఇక్కడే ఆగుదాం," అంది వెన్నెల. మామ్మ బండ మీద చతికిలబడింది. సత్యకుమారి భుజం మార్చుకుంది, సంచి బరువుకి.

ముందు వినిపించింది ఊపిరి. కొలిమి దగ్గర తిత్తి ఊదినట్టు, బుస్సు, బుస్సు. తర్వాత పైన రాళ్ల సందులోంచి నల్లటి జులపాల రాశి ఒకటి బయటికి వచ్చింది. ముప్పై అడుగుల దూరం ఉంటుందేమో. అది ముట్టె పైకెత్తి గాలిని పీలుస్తూ తల అటూ ఇటూ ఊపింది. ఎద మీద తెల్లటి గీత.

సత్యకుమారి పదేళ్లుగా ఎదురుచూస్తున్న ఘడియ అదే. ఏ పిల్లను ఏ చేత్తో పట్టుకోవాలో, ఎటు పరిగెత్తాలో, ఎవర్ని పిలవాలో అన్నీ వెయ్యిసార్లు అనుకుంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఒళ్లు దానంతటదే వెనక్కి తిరిగింది.

"అమ్మా, పరిగెత్తకు."

గొంతు చిన్నది. రేడియో గొంతు కాదు, ఇంట్లో గొంతే. చిన్నోణ్ణి నిద్రపుచ్చేటప్పుడు వాడే గొంతు.

"మామ్మా, మెల్లగా లే. అమ్మ పక్కన నిలబడు. బుజం బుజం తగలాల. దాని కళ్లలోకి సూడకండి."

మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే మామ్మ చప్పుడు లేకుండా లేచి నిలబడింది. వెన్నెల వాళ్లిద్దరికీ ముందు, చేతులు కొంచెం చాచి నిలబడింది. రెండు జడలు, వాటి చివర ఎర్ర రిబ్బన్లు, వాటి మధ్య ఇంత వీపు. సత్యకుమారి ఆ వీపుకు అడ్డం వెళ్లబోయింది.

"ముందుకు రాకు. నువ్వు కదిల్తే అది ఉలిక్కిపడతాది. అమ్మా, సంచి దింపు."

"ఇందులో ఏటీ లేదే," అంది సత్యకుమారి. అప్పుడు కూడా.

"దాని ముక్కు మన మీద లేదమ్మా. సంచి మీదుంది. దింపు."

సత్యకుమారి దింపింది. భుజం మీంచి సంచి నేలకు జారుతున్నప్పుడు, ఇన్నేళ్లలో మొదటిసారి, ఆమె ముక్కుకు ఆ వాసన తగిలింది. ఇప్పపువ్వు. ఈ రుతువులో ఎలుగులు రాత్రీ పగలూ వెతుక్కునేది దాన్నే. దుకాణానికి పువ్వు తెచ్చే ఆడవాళ్లు ఎన్నిసార్లు చెప్పలేదు, తెల్లారి ఇప్ప చెట్ల కింద ఎలుగులతో పోటీ పడి ఏరుకుంటామని! విన్నది, నవ్వింది, అదే సంచిలో పిల్లాడి పెరుగన్నం పెట్టి అడవికి మోసుకొచ్చింది.

"ఇప్పుడు వెనక్కి. ఒక్కో అడుగు. నాను లెక్కెడతాను. ఒకటి."

వేశారు.

"రెండు. మామ్మా, బాగేశావు. మూడు."

ఎలుగు రాళ్లు దిగింది. కంకర దొర్లిన చప్పుడయింది. మామ్మ గోళ్లు సత్యకుమారి చేతిలోకి దిగాయి. వెన్నెల అంకెలు మాత్రం తొందరపడలేదు. తొమ్మిది. పది. పదకొండులో అది సంచి దగ్గరకు వచ్చింది. పులిహోర ముట్టలేదు, గుడ్లు ముట్టలేదు. ముట్టె సంచి గుడ్డకు ఆనించి గట్టిగా పీల్చింది. తర్వాత పంజాతో ఒక్క లాగు లాగింది. తాడు, బట్టలు, టార్చిలైటు అన్నీ చెల్లాచెదురైపోయాయి.

ఇరవై ఆరో అడుగుకి మలుపు వచ్చింది. ఎలుగు కనుమరుగయ్యాక గానీ వెన్నెల మెళ్లో ఈల నోట్లో పెట్టుకోలేదు. మూడుసార్లు ఊదింది. గాసి కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, వెనక చిన్నోణ్ణి చంకనేసుకుని రవిబాబు. అప్పుడు చూసింది సత్యకుమారి, పిల్ల తండ్రి చొక్కా అంచు గుప్పిట్లో బిగించి పట్టుకోవడం. అప్పటిదాకా లేదు. పని అయిపోయాక మొదలయింది.

గేటు దగ్గర గదిలో గంగ పుస్తకం తెరిచి అడిగింది. వెన్నెల నిలబడి జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పింది. ఎక్కడ, ఎంత దూరంలో, ఎన్ని అడుగులు. చివర అంది, "సంచి నాను తెరిచి సూడలేదు మేడం. తప్పు నాదే."

"రూలేటి?"

"ప్రతి సంచీ తెరిచి సూడాల. మనోళ్లదైనా."

"మరెందుకు సూడలేదు?"

వెన్నెల నేల చూసింది. తల్లి వైపు మాత్రం చూడలేదు. పొరపాటున కూడా చూడలేదు.

గంగ పెన్ను మూత పెట్టింది. ఆవిడ మొహం కూడా బాగోలేదు. "ఎలుగుని బాగా దాటించావు తల్లీ. కానీ ఆ ఎలుగుని బాట మీదికి రప్పించింది ఆ సంచే. ఇంకోళ్లయితే పరిగెత్తుదురు, సద్దురు. ఈ ఏడుకి బ్యాడ్జి ఇవ్వలేను. వచ్చే ఏడు రా."

అంతే. సత్యకుమారికి కావాల్సింది దొరికిపోయింది. ఆమె కాదనక్కర్లేదు, సంతకం మానక్కర్లేదు, పిల్ల దృష్టిలో చెడ్డ కానక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఆటో ఎక్కి ఇంటికి పోవచ్చు. ఇక ఏ ఆదివారమూ గుండె చేత్తో పట్టుకుని కూర్చోనక్కర్లేదు. రవిబాబు చిన్నోడి జుట్టులోంచి ఆకు తీస్తున్నాడు. వెన్నెల ఈల తాడు మెళ్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. తీసేటప్పుడు అది జడలో చిక్కుకుంటే, లాగకుండా, ఓపిగ్గా విడదీసి మరీ పెట్టింది.

"ఆగండి మేడం," అంది సత్యకుమారి.

ఆమె గొంతు ఆమెకే పెద్దగా వినిపించింది. గేటు దగ్గర టికెట్ల కోసం నిలబడ్డ విశాఖ వాళ్లు కూడా ఇటు తిరిగారు.

"గుంట సగమే సెప్పింది. సంచిలో ఏటుందని అది అడిగింది. మందులని సెప్పింది నాను. అబద్ధం ఆడింది నాను. పులిహోర పట్టుకెళ్లింది నాను. ఇప్పపువ్వు సంచిలో పెట్టింది నాను. తల్లి మాట నమ్మడం దాని తప్పయితే, అబద్ధం ఆడిన నాది ఏటవుద్ది?"

"అమ్మా, ఊరుకో," అంది వెన్నెల నెమ్మదిగా.

"నువ్వూరుకో. పదేళ్లు ఊరుకున్నాను." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "ఇనండి మేడం. అందరూ ఇనండి. దీనికి ఏటీ రాదు, మట్టిబుర్ర అని ఊరంతా సెప్పింది నానే. నలుగురి కళ్లూ పడతాయని సెప్పాను. ఒక్కటీ నిజం కాదు. ఇది క్లాసు ఫస్టు. ఎక్కాలు ఇరవై దాకా వెనక నుంచి కూడా సెప్తాది. ముప్పై మూడేళ్లదాన్ని, ఏదో జరుగుద్ది జరుగుద్ది అని రోజూ కాసుక్కూసున్నదాన్ని, జరిగేసరికి కొయ్యలా అయిపోనాను. ఇది అవలేదు. గొంతైనా పెంచలేదు. మా ఇద్దర్నీ వెనక పెట్టుకుని తను ముందు నిలబడింది. ఆఖరికి మా అత్త సేత కూడా సెప్పిన మాట ఇనిపించింది. పదమూడేళ్ల కాపరంలో నా వల్ల కాలేదా పని."

"ఓసి దీని నోరు పడిపోను!" అంది అత్తగారు. అని, మనవరాలి తల మీద చెయ్యి వేసింది. "అయినా నిజవే సెప్పింది. బంగారు తల్లి ఇది."

గుమ్మం దగ్గర గాసి గట్టిగా నవ్వాడు. వెన్నెల మాత్రం నవ్వలేదు. తల్లి మొహం వంక అలా చూస్తూ ఉండిపోయింది, గూట్లోంచి తొంగిచూస్తున్న దేన్నో కదిలిస్తే పారిపోతుందేమోనని చూసినట్టు.

గంగ పెన్ను మూత మళ్లీ తీసింది.

"సంచి తెరవకపోడం తప్పేనమ్మా. మీరు సెప్పినా తెరవాల. దాన్ని నాను కొట్టీలేను. పరీక్ష మళ్లీ పెట్టాల్సిందే."

"వచ్చే ఏడా?"

"ఇప్పుడే. ఎలుగు గుట్ట దాటీసిందని వాకీటాకీలో సెప్పారు. అయినా ఎగువ బాట ఇయ్యాల్టికి మూసీసాం. దిగువ తోట బాట ఉంది, చుట్టూ కంచె ఉంది. ఇద్దరు వాచర్లని ఇస్తాను. ఆ విశాఖ వాళ్లని తిప్పుకురావాల." సొరుగులోంచి కొత్త కాగితం తీసింది. "కానీ సొంత మనుషులు కాదు కదా. సంతకం లేకుండా పంపలేను."

సత్యకుమారి రవిబాబు జేబులోంచి పెన్ను తీసుకుంది. ఏడో తరగతిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు. పొడి సంతకం కాదు, ఇంటిపేరుతో సహా మొత్తం రాసింది. ఒక్క అక్షరం కూడా కలవకుండా రాసింది. రాసి, దాని కింద, ఎవరూ అడక్కపోయినా, 'వెన్నెల తల్లి' అని చేర్చింది.

విశాఖ వాళ్లు ఆరుగురు. వాళ్లలో నల్లకళ్లద్దాల ఆవిడ చేతిలో పెద్ద తోలు సంచి ఉంది.

"సంచి తెరవండి ఆంటీ," అంది వెన్నెల.

"లోపల ఏమీ లేదమ్మా, మేకప్ సామాను."

"తెరవండి."

"ఇంతెత్తు లేదు, మనల్నే చెకింగ్ చేస్తోంది చూడండి," అని ఆవిడ మొగుడితో అంది.

"మా అమ్మ సంచి అయినా తెరుస్తాను ఆంటీ," అంది వెన్నెల ఎంతో మర్యాదగా.

గదిలో ఉన్నవాళ్లంతా పక్కకు తిరిగి నవ్వుకున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది సత్యకుమారే. సంచిలోంచి రెండు చిప్స్ ప్యాకెట్లూ ఒక కేకు ముక్కా బయటికొచ్చాయి. వాటిని గదిలో పెట్టించి, ఆరుగుర్నీ వరసలో నిలబెట్టి, వెన్నెల ముందు నడిచింది. ఈసారి ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి తల్లి ఉందా లేదా అని చూసుకోలేదు.

సత్యకుమారి బయట సిమెంటు బల్ల మీద కూర్చుంది. కూర్చున్న నిమిషానికే మొదలయ్యాయి: కంచెకి ఎక్కడో కంత ఉంటుంది, ఆ కళ్లద్దాలావిడ మాట వినదు, వాన కూడా పట్టొచ్చు. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. లేవలేదు.

చిన్నోడు వచ్చి ఒళ్లో పడ్డాడు. "అమ్మా, ఆకలేస్తంది. అక్క ఎప్పుడొస్తాది?"

"పనిలో ఉందిరా. ఆరుగుర్ని తీసుకెళ్లింది కదా, ఆరుగుర్నీ తిప్పి తీసుకొస్తాది," అంది సత్యకుమారి. అని, అటు పోతున్న ఎవరో ముసలాయన కూడా వినేటట్టు ఆ మాటే మళ్లీ కొంచెం గట్టిగా అంది.